సారా కొట్టు ముందు మా నాటకం

మా నాటకానికి సామానంటూ ఉన్నది ఒక డప్పు, రెండు వెదురు కర్రలు, నాలుగు తువ్వాళ్ళు. తువ్వాలు భుజాన వేసుకుంటే రైతు, తలకు చుడితే ఆసామి, ఉండ చుట్టి రొమ్ముకు హత్తుకుంటే చంటిబిడ్డ, నడుముకు బిగిస్తే పోలీసు బెల్టు. తెర లేదు, మేకప్ లేదు, మైకు లేదు. ఊళ్ళో కాస్త ఖాళీ జాగా చూసుకుని ముగ్గుపిండితో గుండ్రంగా ఒక గీత గీసేవాళ్ళం. గీత లోపల మేము, బయట ఊరు. 1991లో నెల్లూరు జిల్లా పల్లెల్లో పెద్దవాళ్ళను చదువుకోండని చెబుతూ ఇట్లా తిరిగిన జట్లను కళాజాతాలు అనేవాళ్ళు. అట్లాంటి ఒక జట్టులో నేనూ ఉన్నాను. అప్పుడు డిగ్రీ రెండో ఏడాది చదువుతున్నాను.

ఆ ఏడాది జనాభా లెక్కల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో చదవడం, రాయడం వచ్చిన ఆడవాళ్ళు నూటికి 33 మంది కూడా లేరు. కేంద్రం 1988లో జాతీయ సాక్షరతా మిషన్ మొదలుపెట్టింది. 1990 ఫిబ్రవరిలో కేరళలోని ఎర్నాకుళం సంపూర్ణ అక్షరాస్యత సాధించిన జిల్లాగా పేరు తెచ్చుకుంది. దాంతో దేశంలో చాలా జిల్లాలకు ఊపొచ్చింది. మా జిల్లాలో ఆ ఉద్యమానికి ‘అక్షర దీపం’ అని పేరు పెట్టారు. ఊరూరా రాత్రి బడి. పొలం పని, ఇంటి పని ముగించుకుని తొమ్మిదింటికి లాంతరు చుట్టూ చేరేవాళ్ళు. చదువు చెప్పేది ఆ ఊరి పిల్లలే. టెన్త్ పాసైనవాళ్ళు, ఇంటర్ తప్పినవాళ్ళు. జీతం లేదు. పలకలు, బలపాలు, పుస్తకాలు మాత్రం జిల్లా నుంచి వచ్చేవి.

అయితే బడి పెట్టగానే వచ్చి కూర్చోవడానికి వాళ్ళేమన్నా చిన్నపిల్లలా? నలభై ఏళ్ళ మనిషిని పలక పట్టుకోమంటే సిగ్గు. అందుకని ముందు కళాజాతా వెళ్ళి ఊరిని కదిలించాలి. ఈ పద్ధతి మాకు కేరళ నుంచి వచ్చింది. అక్కడ శాస్త్ర సాహిత్య పరిషత్తు వాళ్ళు 1980 నుంచీ పాటలతో, చిన్న నాటకాలతో ఊరూరా తిరిగేవాళ్ళు. 1990 అక్టోబర్ 2న అదే పద్ధతిలో దేశమంతటా భారత జ్ఞాన విజ్ఞాన జాతా బయల్దేరింది. అది మా వైపు వచ్చినప్పుడు చూసే నాకు ఈ పిచ్చి పట్టింది.

ఇంట్లో ఒప్పుకోలేదు. రాత్రిళ్ళు పరాయి ఊళ్ళలో ఆడపిల్ల ఎగరడమేంది అన్నాడు నాయన. మా జట్టు పెద్ద ఒక స్కూలు మాస్టారు. ఆయన వచ్చి, “నా కూతురు కూడా వస్తోందయ్యా, ఇద్దరూ ఒకే చోట పడుకుంటారు” అని చెబితే అమ్మ తలుపు చాటు నుంచే “పోనీలే” అంది. అమ్మ అంతకు మించి ఎప్పుడూ ఏదీ వాదించింది లేదు. ఆ ఒక్క మాటకు నాయన ఎందుకు తగ్గాడో నాకిప్పటికీ అంతుబట్టదు.

శిక్షణ నెల్లూరులో జరిగింది. వీధి నాటకం స్టేజి నాటకంలా కాదు, నాలుగు వైపులా జనం ఉంటారు. మాట మాటకూ తిరుగుతూ ఉండాలి, లేకపోతే సగం ఊరు మన వీపే చూస్తుంది. గొంతు చివరి వరసలో చంకన బిడ్డతో నిలబడ్డ తల్లికి కూడా వినపడాలి. వీధి నాటకాలాడే సఫ్దర్ హష్మీ పేరు మొదటిసారి విన్నది అక్కడే. 1989 జనవరి ఒకటిన ఢిల్లీ పక్కన సాహిబాబాద్‌లో వీధి నాటకం ఆడుతుంటే గూండాలు పడి కొట్టారు, మర్నాడు ప్రాణం పోయింది. అది చెప్పినప్పుడు క్యాంపులో ఎవ్వరూ మాట్లాడలేదు. పెద్దవాళ్ళు మాత్రం 1943లో పుట్టిన ప్రజానాట్యమండలి గురించీ, నాజర్ బుర్రకథ గురించీ ఎత్తుకుని, నాటకంతో ఊళ్ళు కదలడం మనకు కొత్తేం కాదమ్మా అనేవాళ్ళు. నిజమే. వీధి భాగవతాలు చూసి పెరిగిన ఊళ్ళవి. వలయం గీసి డప్పు కొడితే ఏం చెయ్యాలో ఆ జనానికి మాకంటే బాగా తెలుసు.

మొదట్లో మా దగ్గర రెండే నాటకాలు. ఒకటి ప్రోనోటు నాటకం. ఆసామి అయిదు వందలు అప్పిచ్చి కాగితం మీద అయిదు వేలు రాసుకుంటాడు. సున్నా ఎక్కువైందని తెలియక రైతు వేలిముద్ర వేస్తాడు. రెండోది బస్సు నాటకం. బోర్డు చదవలేక ఆత్మకూరు పోవాల్సిన అవ్వ ఉదయగిరి బస్సు ఎక్కుతుంది. జనం కడుపుబ్బా నవ్వేవాళ్ళు. నాకు మాత్రం రాన్రానూ ఆ బస్సు నాటకం రుచించకుండా పోయింది. చదువు రానివాళ్ళంటే తెలివి లేనివాళ్ళన్నట్టు ఉంటుంది అందులో. అసలా అవ్వ బస్సు ఎందుకు తప్పుతుంది? కండక్టర్‌ని అడిగి ఎక్కుతుంది, ఎప్పటినుంచో అట్లాగే తిరుగుతోంది. ఒక ఊళ్ళో ఒక ముసలమ్మ సరిగ్గా ఇదే మాట మా మొహాన అనేసింది. “నాకు అచ్చరాలు రావు గానీ నోరుంది అమ్మణ్ణీ” అని. ఆ తర్వాత దాన్ని ఆడటం తగ్గించేశాం.

వలయం ఎక్కడ గీయాలన్నది ప్రతి ఊళ్ళోనూ ఒక టెన్షన్. రామాలయం ముందు గీస్తే పైవీధుల వాళ్ళు అరుగుల మీద కూర్చుని చూస్తారు గానీ దళితవాడ ఆడవాళ్ళు రారు. వచ్చినా దూరంగా చింతచెట్టు కింద నిలబడతారు. దళితవాడలో గీస్తే పైవీధుల వాళ్ళు అటు తొంగి చూడరు. మాస్టారు ఒక రూలు పెట్టుకున్నారు: సాయంత్రం మొదటి ఆట వాడలో, తర్వాతిది ఊళ్ళో. వరస తిరగేసేది లేదు. దీని మీద ఒక ఊళ్ళో పెద్దమనిషికీ ఆయనకూ మాటామాటా పెరిగి, మేము భోజనం లేకుండా బయల్దేరాల్సి వచ్చింది. మా జట్టులో డప్పు కొట్టే ఆయన్ని డప్పు అన్న అనేవాళ్ళం. ఆయనది అదే వాడల్లో పుట్టిన బతుకు. ఆయన డప్పు మోగనిదే మా ఆట మొదలు కాదు, కానీ కొన్ని ఇళ్ళ ముందు ఆయనకు మాత్రం గ్లాసులో కాకుండా దోసిట్లో నీళ్ళు పోసేవాళ్ళు. అట్లా పోసిన చోట మేమూ దోసిలి పట్టేవాళ్ళం. అది ఎవరూ చెప్పి చేయించింది కాదు, మొదటిసారి మాస్టారి కూతురు పట్టింది, మిగతావాళ్ళం పట్టాం. పాటల్లో సమానత్వం గురించి ఎంత పాడినా డప్పు అన్న ఒక్కసారి కూడా ఏమీ అనలేదు. మేము మొదటిసారి దోసిలి పట్టిన రోజు మాత్రం బండి ఎక్కాక, “మీ చేతుల్లో నీళ్ళు నిలవవు, వేళ్ళ సందులు ఎక్కువ” అని నవ్వాడు.

ఆయనకూ చదువు రాదు. ఊళ్ళన్నిటికీ చదువుకోండని డప్పు కొట్టే మనిషికి సంతకం రాకపోవడమేందని మేమే పట్టుకున్నాం. మధ్యాహ్నాలు చెట్టు కింద కూర్చోబెట్టి నేర్పించాం. అప్పటి పుస్తకాల్లో అ ఆలతో మొదలుపెట్టరు. ముందు తెలిసిన మాట, దాని మీద కాసేపు ముచ్చట, తర్వాత ఆ మాటలోంచి అక్షరాలు. ఆయనకు నేర్పిన మొదటి మాట ‘డప్పు’. ఒత్తు ఉంటుంది, కష్టం అని మాస్టారు అన్నారు. అయినా ఆయన అదే కావాలన్నాడు.

ఇక సారా నాటకం సంగతి.

రాత్రి బడి పుస్తకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉంది. సారా కాపురాలను ఏం చేస్తుందో చెప్పే పాఠం. ఆ పాఠం రోజు బడిలో చదువు సాగదని వాలంటీర్లు చెప్పేవాళ్ళు. ఒకరు మొదలుపెడితే అందరూ తమ ఇంటి సంగతే చెప్పుకునేవాళ్ళు. మాస్టారు అది విని, దాన్నే నాటకం చేద్దామన్నారు. నేను భార్య. ఇంటర్ చదివిన ఒక కుర్రాడు భర్త. తాగొచ్చి కొడతాడు, పిల్లకు జ్వరం, మందుకు డబ్బుల్లేవు. చివర్లో భార్య రాత్రి బడికి పోయి చదువుకుని, భర్తకు బుద్ధి చెబుతుంది. కలిగిరి వైపు పల్లెల్లో మొదట ఆడాం.

ఒక ఊళ్ళో భర్త వేషం కుర్రాడు సీసా ఎత్తి తాగుతున్నట్టు నటించాడు. ఆడవాళ్ళంతా గొల్లున నవ్వారు. సీసా ఎక్కడిది నాయనా, పాకెట్టు కదా అన్నారు. అప్పటికి సారా ప్లాస్టిక్ పాకెట్లలో వస్తోంది. ‘వారుణి వాహిని’ అని పేరు పెట్టి ప్రభుత్వమే ప్యాక్ చేయించి, వేలంపాట పాడుకున్న కాంట్రాక్టర్ల ద్వారా అమ్మించేది. మంచినీళ్ళు రాని ఊరికి కూడా సైకిల్ మీద పాకెట్లు వచ్చేవి. ఒక మనిషి లేచి వలయంలోకి వచ్చేసింది. కుర్రాడి చేతిలో తువ్వాలు లాక్కుని, మూల పంటికింద పెట్టి కొరికి, తల వెనక్కి వాల్చి పీల్చి, ఖాళీ పాకెట్టు విసిరేసి తూలుతూ రెండడుగులు వేసింది. నాకు ఒళ్ళు జలదరించింది. అది నటన కాదు, రోజూ ఇంట్లో చూసేది. జనం చప్పట్లు కొట్టారు. మగవాళ్ళు కొంతమంది లేచి వెళ్ళిపోయారు.

ఆమె అక్కడితో ఆగలేదు. నా వైపు తిరిగి, “నువ్వేంది పాపా, మొగుడు కొడితే బడికి పోతానంటావు? బడికి పోతే వాడు తాగడం మానతాడా? కొట్టు మూయించకుండా ఎంత చదివితే ఏం లాభం?” అంది. వెనక నుంచి ఇంకో గొంతు, “కొట్టు వాడిది కాదే, వేలంపాట పాడినోడిది” అంది. మరొకరు, “పాట పెట్టింది గవర్నమెంటే కదంటా” అన్నారు. మాస్టారు మెల్లగా వలయం బయటకు జరిగి కింద కూర్చున్నారు. మమ్మల్నీ కూర్చోమని సైగ చేశారు. ఆ రాత్రి నాటకం చివరి సగం ఊరి ఆడవాళ్ళే నడిపారు. ఒకరు కొట్టువాడు, ఒకరు సర్పంచి, ఇంకొకరు కాంట్రాక్టరు మనిషి. కొట్టువాడు “నాకు లైసెన్సుంది” అంటాడు. దానికి జవాబేం చెప్పాలో తెలియక మూడుసార్లు మొదటికొచ్చారు. మూడోసారి ఒకామె, “లైసెన్సు నీకుంది, తాగేది మా ఇంటోడు. వాణ్ణి రానియ్యం, నీ లైసెన్సు నువ్వు తాగు” అంది. పెట్రోమాక్స్ లైటులో గ్యాసు నూనె అయిపోయే దాకా ఎవ్వరూ కదల్లేదు.

తర్వాతి ఊళ్ళ నుంచి మా నాటకానికి ముగింపు లేదు. కొట్టు దాకా వచ్చి ఆపేసి, ఇప్పుడేం చెయ్యాలి అని ఊరినే అడిగేవాళ్ళం. కొన్ని ఊళ్ళలో ఎవ్వరూ పలకలేదు. ఒక ఊళ్ళో కొట్టువాడి తమ్ముడే లేచి మమ్మల్ని నానా తిట్లూ తిట్టాడు. ఇంకో చోట ఒకాయన తాగి వచ్చి వలయంలో పడుకుని లేవనన్నాడు. ఆయన భార్య అక్కడే ఉంది, తలెత్తలేదు. ఆ రోజు ఆట ఆపేశాం. ఇవి కూడా చెప్పాలి. నాటకం ఆడగానే ఊళ్ళు భగ్గుమన్నట్టు ఇప్పుడు కొందరు ఉపన్యాసాల్లో చెబుతుంటే నాకు చిరాకు వేస్తుంది. మేము వెళ్ళిపోయాక కూడా రాత్రి బడి ఉండబట్టి ఆ మాట చావలేదు. పలక మీద కూడికలు నేర్పేటప్పుడు ఇంట్లోకి వచ్చిన కూలి ఎంత, కొట్టుకు పోయింది ఎంత అని రాయించేవాళ్ళు. తీసివేత వచ్చిన రోజు చాలామంది పలక తుడిచేసి కూర్చునేవాళ్ళని ఒక వాలంటీరు నాతో అన్నది. ఇరవై మంది ఆడవాళ్ళు ప్రతి రాత్రీ ఒక చోట కూర్చోవడానికి ఊళ్ళో అంతకు ముందు ఏ కారణమూ లేదు. ఉద్యమం పుట్టింది అక్కడే. మేము అగ్గిపుల్ల అయితే అయ్యుంటాం. కట్టెలు వాళ్ళవి, పొయ్యి వాళ్ళది.

కలిగిరి మండలంలోనే దూబగుంట ఉంది. అక్కడి ఆడవాళ్ళు ఏకమై సారా కొట్టు మూయించారు. ముందు నిలబడిన వర్ధినేని రోశమ్మ పేరు తర్వాత రాష్ట్రమంతా దూబగుంట రోశమ్మగా తెలిసింది. వాళ్ళ కథ ‘ఆడవాళ్ళు ఏకమైతే’ అని పాఠమై మళ్ళీ రాత్రి బడి పుస్తకంలోకే వచ్చింది. ఆ పాఠం చదివిన ఊళ్ళలో, మా ఊళ్ళో మాత్రం ఎందుకు కాదు అని బయల్దేరారు. 1992లో నెల్లూరులో సారా వేలంపాటలు ఆడవాళ్ళు అడ్డుకోవడంతో మళ్ళీ మళ్ళీ వాయిదా పడ్డాయి. నేనూ ఒక రోజు వెళ్ళాను. చీర కొంగులు బిగించిన జనం. ఒక చోట పాకెట్లు కుప్ప పోసి తగలబెడుతున్నారు. ఇంకో చోట కాంట్రాక్టరు వేషం వేసిన ఒకామె పొట్ట ముందుకు పెట్టుకుని నడుస్తుంటే చుట్టూ ఉన్నవాళ్ళు పాట కట్టి ఎగతాళి చేస్తున్నారు. రిహార్సల్ లేదు, మాస్టారూ లేడు. అంత మంచి వీధి నాటకం నేను ఆ తర్వాత ఎక్కడా చూడలేదు.

1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలో సారా నిషేధించారు. అదే ఏడాది అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలిపోయింది. పాకెట్టు పోయి సీసా వచ్చింది. ప్రభుత్వానికి సారా ఆదాయం ఎంత తీపో తెలిసి, చదువు చెప్పించిందీ వేలంపాట పెట్టిందీ ఒకే ప్రభుత్వమని అప్పుడే అర్థం చేసుకున్న ఆడవాళ్ళకు ఇందులో ఆశ్చర్యమేం కలగలేదు. ఆ గుంపుల్లోంచే జిల్లాలో పొదుపు లక్ష్మి సంఘాలు పుట్టాయి. రోజుకో రూపాయి దాచేవాళ్ళు. సారాకు పోయే రూపాయి డబ్బాలో పడుతోందని మా పిన్ని అనేది. రాత్రి బడులు మాత్రం ఒక్కొక్కటే మూతపడ్డాయి. చదవడానికి చేతిలో ఏమీ లేక చాలామంది నేర్చుకున్న అక్షరాలు మర్చిపోయారు. సంతకం మిగిలింది.

చాలా ఏళ్ళ తర్వాత నాకు అగస్టో బోల్ గురించి తెలిసింది. బ్రెజిల్ మనిషి. 1973లో పెరూ దేశంలో వయోజనులకు చదువు చెప్పే కార్యక్రమంలో నాటకాలు ఆడించాడు. అక్కడ కూడా చదువు రాని ఒక భార్య కథ. మొగుడు దాచమని ఇచ్చిన కాగితాలు పక్కింటామె చేత చదివించుకుంటే అవి వేరే ఆడమనిషి రాసిన ప్రేమలేఖలని తేలుతుంది. ఇప్పుడేం చెయ్యాలని జనాన్ని అడిగారు. ఒక భారీ మనిషి, మొగుడితో గట్టిగా మాట్లాడి క్షమించాలి అంది. నటి ఎన్నిసార్లు చేసి చూపించినా ఆమెకు నచ్చలేదట. చివరికి నువ్వే వచ్చి చెయ్యమ్మా అంటే వచ్చి, చీపురు కర్ర తీసుకుని భర్త వేషం వాణ్ణి చితకబాదింది. గట్టిగా మాట్లాడటమంటే అదన్నమాట! ఆ తర్వాత అన్నం పెట్టమంది. చూసేవాళ్ళే ఆటలోకి వచ్చే ఆ పద్ధతికి ప్రపంచమంతా పేరొచ్చింది. అది చదివి నేను చాలాసేపు నవ్వుకున్నాను. పాకెట్టు పంటి కింద కొరికి చూపించిన మన ఆమెకు ఏ పేరూ రాలేదు.

ఆ తర్వాత రోజుల్లో కళాజాతా అంటే ప్రభుత్వ పథకాల ప్రచారం అయిపోయింది. ఆఫీసు నుంచి పాట టైపు చేసి ఇస్తారు, మరుగుదొడ్డి గురించో టీకాల గురించో. కళాకారులకు రోజుకూలి వస్తుంది. అది వాళ్ళకు అవసరమే, కాదనను. కానీ మా వీధిలో ఒకసారి అట్లాంటి జట్టు వస్తే చూశాను. పాట అయ్యాక ఫోటో దిగి, ఎవరినీ ఏమీ అడక్కుండా ఆటో ఎక్కి వెళ్ళిపోయారు. మరుగుదొడ్డికి నీళ్ళెక్కడివని అడగడానికి ఎదురింటి అవ్వ అప్పటికే చెయ్యెత్తి ఉంది.

మా జట్టులో భర్త వేషం వేసిన కుర్రాడు తర్వాత హెడ్మాస్టరు అయ్యాడు. చుక్క ముట్టడు. మాస్టారు లేరు. ఆయన కూతురు, నేను పండగలకు ఫోన్లు చేసుకుంటాం. డప్పు అన్న బాగానే ఉన్నాడు, డప్పు కళాకారుల పెన్షన్ వస్తోంది. మొన్న ఫోన్ చేసినప్పుడు పెన్షన్ సంగతే చెప్పాడు. డబ్బులివ్వడానికి వచ్చిన పిల్ల మిషన్ ముందు పెట్టి వేలు పెట్టు తాతా అందట. “వేలిముద్ర ఏంది, నాకు సంతకం వచ్చు, పెన్నియ్యి” అన్నాడట ఈయన. “సంతకాలు పనికిరావు తాతా, వేలే కావాలి” అందట. డప్పు కొట్టీ కొట్టీ అరిగిపోయిన వేలు, మిషన్ ఒక పట్టాన తీసుకోలేదు. “మనం ఆ ప్రోనోటు నాటకం ఊరికే ఆడామే అమ్మణ్ణీ” అని ఒకటే నవ్వు. ఫోన్ పెట్టే ముందు, ఎట్లాగైనా పాస్‌బుక్ మీద సంతకం చేసే ఇచ్చాననీ, డప్పులో ఒత్తు ఇప్పటికీ మర్చిపోలేదనీ చెప్పాడు.